ఖమ్మం ఎండలో లండన్ మూత

ఏప్రిల్ సగం దాటిందంటే నా షాపుకు రెండు రకాల కేసులు వస్తాయి. వేడెక్కి మాటిమాటికీ ఆగిపోయే కంప్యూటర్లు మొదటి రకం. "అన్నా, పాత క్యాబినెట్ ఫ్యాను ఏదన్నా ఉంటే ఇయ్యవా, చేపల ట్యాంకుకు పెట్టాలి" అంటూ వచ్చే మనుషులు రెండో రకం. ఖమ్మం వైరా రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. పాత ఫ్యాన్లకు నా దగ్గర కొదవ లేదు, అడిగినవాళ్లకు ఇస్తూనే ఉంటాను. కానీ ఈ రెండో రకం వాళ్లు అసలు నా గడప తొక్కాల్సిన పని ఉండకూడదు. ట్యాంకు అమ్మినవాడే మూతకు ఆ ఫ్యాను బిగించి అమ్మాలి. 42, 43 డిగ్రీల ఎండ మామూలైపోయిన ఊళ్లో గాలాడని మూతతో గాజుపెట్టె అమ్మి, అందులో చల్లనీళ్ల చేపల్ని వేసి పంపడం నా లెక్కలో మంచి వ్యాపారం అనిపించుకోదు.

మా వైపు ఇళ్లలో నేను ఎక్కువగా చూసే ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటుంది. గులకరాళ్లూ బొమ్మలూ పోను యాభై లీటర్ల నీళ్లు పడతాయి. పైన నల్లటి ప్లాస్టిక్ మూత. దాని లోపల ట్యూబులైటు, ముందువైపు మేత వేయడానికి చిన్న తలుపు, వెనక వైర్లు రావడానికి వేలు పట్టేంత సందు. అంతే. గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి అని ఉండవు. నీళ్లలో మునిగి ఉండే ఫిల్టర్ మోటారూ పైన లైటూ కలిపి 25 వాట్లనుకుందాం. పది గంటలు నడిస్తే పావు యూనిట్. వేడి లెక్కలోకి మారిస్తే సుమారు 215 కిలో క్యాలరీలు. యాభై లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 50 కిలో క్యాలరీలు చాలు. అంటే గది వేడిని పక్కనబెట్టినా, లైటూ మోటారూ కలిసి నాలుగు డిగ్రీలు పెంచగల వేడిని ఆ మూత కింద పోస్తున్నాయి. అందులో కొంత గాజులోంచి బయటికి పోతుంది, నిజమే. బయట గది కూడా 36 డిగ్రీలున్నప్పుడు ఎంతని పోతుంది? కంప్యూటర్ డబ్బాను వెనక ఫ్యాను లేకుండా ఎవరైనా సరఫరా చేస్తే నేను విప్పి కూడా చూడకుండా తిప్పి పంపిస్తాను. చేపల డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ ఆ అనుమానం రాదు.

నీళ్లు వేడెక్కితే చేపకు రెండు వైపుల నుంచీ దెబ్బ. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 34 డిగ్రీలకు వచ్చేసరికి అది 7 దగ్గరికి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో పనులన్నీ వేడికి వేగం పుంజుకుని, దానికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. చేపలు విసర్జించే అమ్మోనియాలో విషపు పాలు కూడా వేడితోపాటు ఎక్కువవుతుంది. ఇక అవి పైకి తేలి గుటకలు వేయడం మొదలుపెడతాయి. ఇంట్లోవాళ్లు షాపుకు పరిగెడతారు. షాపులో నీలం మందు సీసా ఒకటి చేతిలో పెడతారు. ఆ మందు బూజుకు పనికొస్తుంది, ఎండకు కాదు.

మన ఇళ్లలో దీనికి వాస్తు కూడా తోడవుతుంది. ట్యాంకు ఈశాన్యం మూల ఉండాలంటారు. చాలా ఇళ్లలో ఈశాన్యం మూల అంటే తూర్పు కిటికీ పక్కనే, పొద్దున ఏడింటికే ఎండ నేరుగా గాజు మీద పడుతుంది. అందులో ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది, మొత్తం తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు. యాభై లీటర్లలో తొమ్మిదంటేనే కిక్కిరిసిన బస్సు, ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకోవచ్చు. వాస్తు నమ్మేవాళ్లతో నాకు పేచీ లేదు గానీ, గోల్డ్ ఫిష్ చైనాలో కార్ప్ జాతి నుంచి వందల ఏళ్లపాటు పెంచి తీసిన చల్లనీళ్ల చేప. 18 నుంచి 24 డిగ్రీల నీళ్లు దానికి హాయి. మే నెలలో మా మిద్దె మీది ట్యాంకు నుంచి కుళాయిలో వచ్చే నీళ్లకు మనుషులే చెయ్యి పెట్టలేరు.

గాజుపెట్టెలో చేపల్ని పెంచే సరదా ఇప్పటి రూపు దిద్దుకున్నది పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో. నీటి మొక్కలూ చేపలూ ఒకే తొట్టిలో ఒకదాన్నొకటి ఎలా బతికించుకుంటాయో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో రాశాడు. 1853లో లండన్ జూలో జనం చూడటానికి చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకం వచ్చింది, మధ్యతరగతి ఇళ్లకు ఆ పిచ్చి పాకింది. చలి ఊళ్లలో పెరిగిన సరదా ఇది. అక్కడ వేడి దేశాల చేపను పెంచాలంటే నీళ్లు చల్లబడిపోతాయన్నదే బెంగ. హీటర్ కావాలి, హీటర్ ఇచ్చిన వేడి పోకుండా మూత కావాలి. మనం పెట్టెతోపాటు ఆ బెంగను కూడా కొని తెచ్చుకున్నాం. మా ఊరి అక్వేరియం షాపులో మే నెలలో కూడా గోడకు హీటర్లు వేలాడుతుంటాయి. థర్మామీటర్ అడిగితే మాత్రం లోపలికెళ్లి వెతకాలి.

మూత పూర్తిగా దండగ అనను. బల్లి పడకుండా, పిల్లి చెయ్యి పెట్టకుండా, మోలీలు ఎగిరి నేల మీద పడకుండా అది కాపాడుతుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మా దగ్గర కూడా కాస్త వెచ్చదనం నిలుపుతుంది. దానికి ఊపిరాడే బెజ్జం లేకపోవడంతోనే నా గొడవ.

వేసవిలో చాలామందికి మొదట తోచేది ఐసు. ఫ్రిజ్ తీసి ట్రే వంచేస్తారు. కిలో ఐసు కరిగి, ఆ నీళ్లు 30 డిగ్రీలకు చేరేలోపు తీసుకునే వేడి సుమారు 110 కిలో క్యాలరీలు. ట్రేలో పట్టేది 200 గ్రాములనుకుంటే 22 కిలో క్యాలరీలు. యాభై లీటర్ల నీళ్లకు అర డిగ్రీ కూడా తగ్గదు. ఇది చాలదని సీసా నిండా గడ్డకట్టించి ఒకేసారి దించితే, ఒక మూల చల్లగా ఒక మూల వేడిగా ఉండి, గంటలో దిగింది సాయంత్రానికి మళ్లీ ఎక్కుతుంది. చేపకు ఆ ఊగిసలాట వేడి కంటే చేటు.

ఇప్పుడు ఆవిరి లెక్క చూడండి. ఒక లీటరు నీళ్లు ఆవిరైపోవాలంటే సుమారు 580 కిలో క్యాలరీల వేడి కావాలి. ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని ట్యాంకులో మిగిలిన నీళ్ల నుంచే లాక్కుంటుంది. అంటే ఒక్క లీటరు ఆవిరైతే అయిదు కిలోలకు పైగా ఐసు కరిగినంత పని జరుగుతుంది, అదీ రోజంతా మెల్లగా, ఒకే తీరున. మన ఇళ్లలో గడ్డి కూలర్లు నడిచేది ఈ లెక్క మీదే. మరి మూత వేసిన ట్యాంకులో నీళ్లు వాటంతటవే ఆవిరై ఎందుకు చల్లబడవంటే, నీళ్లకూ మూతకూ మధ్య ఉన్న కొద్దిపాటి ఖాళీలో గాలి కాసేపటికే తేమతో నిండిపోతుంది. నిండిన గాలి ఇంకో చుక్కను పట్టుకోదు. మూత లోపలివైపు చెమట పట్టినట్టు బొట్లు నిలుస్తాయి చూడండి, అవి తిరిగి ట్యాంకులోనే రాలుతాయి. పైకి తీసుకెళ్లిన వేడిలో చాలాభాగం ఆ మూత కిందే ఉండిపోతుంది. ఆ తడి గాలిని బయటికి తోసేసి పొడి గాలిని లోపలికి పంపితే చాలు. దానికి పెద్ద గాలి అక్కర్లేదు. మధ్యాహ్నం 34 దాకా పోయే మా ఇంటి ట్యాంకు ఫ్యాను పెట్టిన తర్వాత 30, 31 దగ్గర ఆగుతోంది. మూడు నాలుగు డిగ్రీలు మనకు చిన్న తేడా అనిపించవచ్చు, నీళ్లలో ఉన్నవాటికి కాదు.

అయితే ఇదే ఫ్యాను బందరులో ఇంత పని చేయదు. మా అక్కవాళ్లు ఉండేది అక్కడే. "ఏమోయ్ బావమరిదీ, నువ్విచ్చిన ఫ్యాను ఊరికే తిరుగుతోంది గానీ నీళ్లు చల్లబడ్డం లేదోయ్" అని మా బావ ఫోను చేశాడు. ఫ్యాను బాగానే ఉంది, సముద్రం పక్కనుంది. ఆవిరి వల్ల నీళ్లు ఎంతవరకు చల్లబడగలవో దానికొక హద్దుంది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకు గాలి తగిలిస్తే అది చూపించే అంకె ఆ హద్దు. గాలి 42 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే ఆ అంకె 24 దగ్గర ఉంటుంది. గాలి 36 డిగ్రీలే అయినా తేమ 70 శాతం ఉంటే 31 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఖమ్మం, రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మంటలు మండే పొడి మధ్యాహ్నాల్లో ఫ్యాను తన సత్తా చూపిస్తుంది. విశాఖ, కాకినాడ, బందరుల్లో ఆ జిడ్డు ఉక్కలో ఒకటి రెండు డిగ్రీలకు మించి ఆశపడకూడదు. అక్కడ లైటు వెలిగించే గంటలు తగ్గించాలి, పాత ట్యూబు తీసి ఎల్ఈడీ పెట్టాలి, ట్యాంకును ఎండ పడని గోడకు మార్చాలి, ఎయిర్ పంపు ఆపకుండా నడపాలి. చేపలు కూడా గప్పీలో గౌరామీలో అయితే ఆ వేడిని కొంత ఓర్చుకుంటాయి. మా బావ మిగతావన్నీ చేశాడు. గోల్డ్ ఫిష్‌లను మాత్రం మా అక్క వదలనంది.

ఖమ్మంలో ఉన్నవాళ్లకూ ఒక మాట. కిటికీలన్నీ బిగించుకుని గదిలో గడ్డి కూలర్ పెట్టుకుంటే ఆ గది కూడా కాసేపటికి బందరు అయిపోతుంది. కూలర్ ఉన్న గదిలో ఒక కిటికీ ఓరగా తీసి ఉంచండి. మీకూ చేపలకూ మంచిది.

ఇక పని సంగతి. రెండడుగుల ట్యాంకుకు 80 మిల్లీమీటర్ల క్యాబినెట్ ఫ్యాను సరిపోతుంది. 12 వోల్టుల డీసీతో నడుస్తుంది, రెండు మూడు వాట్లు తీసుకుంటుంది. మూలన పడేసిన సెట్‌టాప్ బాక్సు అడాప్టరో, పాత రౌటర్ అడాప్టరో 12 వోల్టులదైతే చాలు. 9 వోల్టులదైతే నాకింకా ఇష్టం. ఫ్యాను మెల్లగా తిరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది, ట్యాంకు పడగ్గదిలో ఉన్నా నిద్ర చెడదు. ఎర్ర వైరు ప్లస్, నల్ల వైరు మైనస్. చాలా ఫ్యాన్లకు చట్రం పక్కన చిన్న బాణం గుర్తు అచ్చు పోసి ఉంటుంది, గాలి ఎటు కొడుతుందో అది చెబుతుంది.

ఆ బాణం దగ్గరే నాకూ చాలామందికీ వాదన వస్తుంది. లోపలి వేడి గాలిని బయటికి లాగేలా బిగించాలని వాళ్లంటారు. నేను ఒప్పుకోను. అలా పెడితే ట్యాంకులోని తడి గాలంతా ఫ్యాను మోటారు మీదుగా పోతుంది, తొందరగా తుప్పు పట్టి గరగరలాడుతుంది. గది గాలిని లోపలికి ఊదేలా పెడితే ఫ్యానుకు తగిలేది పొడి గాలి. మూతకు ఒక చివర పెట్టి, నీళ్ల మీదికి కాస్త ఏటవాలుగా ఊదేలా చూసి, రెండో చివర అంతే పెద్ద బెజ్జం గాలి పోవడానికి వదలాలి. ఆ రెండో బెజ్జం మరిచిపోయినవాళ్లే ఫ్యాను పనిచేయలేదని తిరిగొస్తారు.

కోసే ముందు మూతను ట్యాంకు మీంచి దించి, లైటు విప్పి పక్కన పెట్టండి. ఫ్యానును కాగితం మీద పెట్టి రెక్కల చుట్టూ ఉన్న గుండ్రం గీసుకుని, ఆ కాగితాన్ని మూతకు అంటించి, గీత లోపలివైపు సన్న డ్రిల్లుతో దగ్గర దగ్గరగా బెజ్జాలు వేసుకుంటూ పోతే మధ్య ముక్క ఊడి వస్తుంది. అంచులు ఆకురాయితో నున్నగా చేసుకోవచ్చు. 76 మిల్లీమీటర్ల హోల్ కట్టర్ ఉన్న వడ్రంగి దొరికితే నిమిషంలో అయిపోతుంది. స్క్రూ బెజ్జాల మధ్య దూరం 71.5 మిల్లీమీటర్లు. పాత మూతల ప్లాస్టిక్ లైటు వేడికి పెళుసుబారి ఉంటుంది, బలంగా నొక్కితే పగులుతుంది. రెండు బెజ్జాలకూ లోపలివైపు నైలాన్ దోమతెర జాలి అంటించండి. ఇనుప జాలి వద్దు, దాని తుప్పు నీళ్లలో రాలుతుంది. ఓపిక ఉంటే ఒక చిన్న థర్మోస్టాట్ బోర్డు కలుపుకోండి, 30 దాటితే ఫ్యాను మొదలై 29కి ఆగుతుంది. చలికాలం వచ్చాక రెండు బెజ్జాల మీదా ఒక అట్టముక్క.

కరెంటు విషయంలో నాకు మొహమాటం లేదు. 230 వోల్టుల చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కూడా మార్కెట్లో దొరుకుతాయి. నీళ్ల మీద అవి పెట్టేవాళ్లకు నేను సాయం చేయను. 12 వోల్టుల ఫ్యానుకైనా అడాప్టర్ గోడ ప్లగ్గులో, ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి. దాని వైరు ట్యాంకు నుంచి నేరుగా ప్లగ్గులోకి పోకూడదు, మధ్యలో ఒంపు తిరిగి కిందికి వేలాడాలి. వైరు వెంట జారే చుక్క ఆ ఒంపు దగ్గర నేల మీద పడుతుంది. చాలా ఇళ్లలో ఫిల్టర్‌కూ లైటుకూ కలిపి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సును ట్యాంకు స్టాండు కింద నేల మీద పెట్టేస్తారు. ట్యాంకులో నీళ్లు మార్చే రోజు అక్కడికి వెళ్లాలంటే నాకే భయం. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఇంట్లో ఉంటే మంచిది. ఉన్నా లేకపోయినా, నీళ్లలో చెయ్యి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీసేయండి.

వేసవి మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఫిల్టర్ ఆగుతుంది, గాలి బుడగలు ఆగుతాయి, ట్యాంకుకు అసలు గండం అప్పుడే. రౌటర్ కోసం కొనుక్కున్న చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఇంట్లో ఉంటే ఈ ఫ్యాను దాని మీద కూడా నడుస్తుంది. మిగతా రోజుల్లో దీని బిల్లు గురించి ఆలోచించే పనే లేదు. మూడు వాట్ల ఫ్యాను రాత్రింబవళ్లు తిరిగినా నెలకు రెండు యూనిట్లు దాటి కొద్దిగా. చేపల కోసమని హాల్లో ఏసీ వేసేవాళ్లనూ చూశాను. ఒకటిన్నర టన్నుల ఏసీ ఇంచుమించు రెండు గంటల్లో అంత కరెంటు లాగేస్తుంది.

ఫ్యాను పెట్టాక నీళ్లు తగ్గుతాయి. తగ్గకపోతేనే అనుమానపడాలి. రోజుకు అర లీటరు, ఎండ ముదిరితే లీటరు దాకా పోతుంది. గాజు మీద తెల్లటి చార మిగులుతుంది, మా ఆవిడ ఫిర్యాదంతా ఆ చార మీదే. నీళ్లు ఆవిరైపోయి అందులోని ఉప్పులు మిగిలిపోతే వచ్చే చార అది. తగ్గినంత మేరా మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే ట్యాంకులో ఆ ఉప్పులు పేరుకుపోతాయి. మా ఖమ్మంలోగాని, పక్కన నల్గొండలోగాని బోరు నీళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు, వేణ్నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆవిరైన మేరకు వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లు పోయండి. ట్యాంకు మొత్తం ఆ నీళ్లతోనే నింపకండి, చేపలకు కాసిని ఖనిజాలు కావాలి. వారానికోసారి నాలుగో వంతు తీసి మామూలు నీళ్లు పోసుకుంటే సరిపోతుంది. ఊరెళ్లే ముందు మాత్రం నీళ్లు నిండుగా పోసి వెళ్లండి. మట్టం పడిపోయి ఫిల్టర్ మోటారు పొడిగా తిరిగితే కాలిపోతుంది.

ఇదంతా ఇంట్లోవాళ్లు నేర్చుకుని చేసుకోవాల్సిన తద్దినమా అంటే, కాదు. ఇంజెక్షన్ అచ్చులో పోసే మూతకు రెండు గుండ్రాలు కలపడానికి తయారీదారుకు అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. పక్కన ఫ్యాను, అడాప్టర్ ఇచ్చి ఆ ధర తీసుకోమనండి, ఎవరూ కాదనరు. మా ఊళ్లో ఒక షాపాయనతో ఈ మాట ఎత్తితే, "బెజ్జం పెడితే మూత అందం పోద్దన్నా, అయినా గిరాకీలు అడగట్లేదు" అన్నాడు. నిజమే, అడగరు. చేప చచ్చిపోతే మేత ఎక్కువైందనో, ఎవరి దిష్టో తగిలిందనో అనుకుంటారు. ఆదివారం వెళ్లి ఇంకో జత తెచ్చుకుంటారు. చెన్నై కొలత్తూరులో ఎవరో నెలల తరబడి పెంచి, ఆక్సిజన్ నింపిన కవర్లలో కట్టి పంపిన పిల్లలు మా దగ్గర జూన్ దాకా ఉంటే గొప్ప. షాపులవాళ్లు కావాలని చేస్తున్నారని నేననను. అయితే ప్రతి మే నెలలో మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిరాకీ వాళ్లకు చేదుగా ఉందని కూడా అనలేను.

కాబట్టి అడగాల్సింది కొనేవాళ్లే. ఈసారి ట్యాంకు బేరమాడేటప్పుడు మూత ఎత్తి చూసి, గాలి ఇందులోకి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందని అడగండి. ఈ చేపకు ఎన్ని డిగ్రీల నీళ్లు కావాలో అడగండి. గోల్డ్ ఫిష్ అమ్మేవాడైతే, మీ ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో వాడే మిమ్మల్ని ఎదురు అడగాలి. రెండింటికీ జవాబు రాకపోతే మూత లేకుండా ట్యాంకు ఎంతకిస్తారో కనుక్కోండి. ఆ తగ్గిన డబ్బుతో దోమతెర జాలి, ఒక అల్యూమినియం చట్రం, పాత ఫ్యాను, అన్నీ వచ్చి ఇంకా మిగులుతాయి.